పిల్లల నోట దైవవాక్కు



విచారణ పండుగ దగ్గర పడుతున్నదంటే మన గుడులలో బైబులు కంఠస్థ పోటీల సందడి మొదలవుతుంది. ఉపదేశిగారు వచనాల జాబితా రాసి గుడి తలుపుకు అంటిస్తారు. సిస్టరమ్మలు పిల్లలను వయసుల వారీగా విడదీస్తారు. తల్లులు వంట చేసుకుంటూనే వల్లె వేయిస్తారు. పండుగనాటి సాయంకాలం మైకు ముందు చేతులు కట్టుకుని పిల్లలు గడగడా అప్పజెబుతారు. చప్పట్లు, స్టీలు డబ్బాలు, షీల్డులు, విచారణ గురువులతో ఒక ఫోటో. మర్నాడు పందిరి విప్పేస్తారు. మరి ఆ వచనాలు ఏమవుతున్నాయి? నెల తర్వాత అదే బిడ్డను అడిగి చూడండి. మొదటి రెండు మాటలు వస్తాయి, ఆ తర్వాత నవ్వు వస్తుంది.

పోటీలు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. పోటీలు కావాలి. కాని అవి ఎందుకోసమో, ఎలా జరగాలో కాస్త ఆలోచించుకోవాలి.

కోటప్పకొండ కనుచూపు మేరలో ఉన్న పల్లెలలో ఏ పిల్లవాణ్ణయినా ఆపి అడగండి. కొండకు త్రికూటమని పేరెందుకు వచ్చింది, మూడు శిఖరాల పేర్లేమిటి, ఆ కొండమీద కాకి ఎందుకు వాలదంటారు, గొల్లభామ ఆనందవల్లి వెనుదిరిగి చూస్తే ఏమయింది, అన్నీ తడుముకోకుండా చెబుతాడు. హిందువుల బిడ్డే కానక్కరలేదు, మన బిడ్డయినా చెబుతాడు. ఆ కథకు ఎవరు పోటీ పెట్టారు? ఎవరు షీల్డు ఇచ్చారు? ఎవరూ లేదు. నాయనమ్మ మంచంమీద పడుకోబెట్టుకుని చెప్పింది, ఇరుగుపొరుగువారు చెప్పుకుంటుంటే విన్నాడు, అంతే. అదే బిడ్డను లోతు భార్య వెనుదిరిగి చూసిన సంగతి (ఆదికాండము 19:26) అడగండి. జ్ఞానోపదేశ తరగతిలో ఎప్పుడో విన్నట్టుంది అంటాడు. పొరుగువారి భక్తిని చూసి మనం చిన్నబుచ్చుకోనవసరం లేదు, నేర్చుకోవలసింది మాత్రం ఉంది. శివరాత్రికి ప్రభ కట్టాలంటే ఊరు ఊరంతా కదులుతుంది. వాసాలు మోసేవారు, తాళ్ళు పేనేవారు, రంగు కాగితాలు అంటించే కుర్రాళ్ళు, చందాలు పోగుచేసే పెద్దలు. ఆ తిరునాళ్ళలో ఒక్కరిని స్టేజీ ఎక్కించి మిగిలినవారు కింద కూర్చుని చూడటం ఉండదు. మన కంఠస్థ పోటీలో జరుగుతున్నది సరిగ్గా అదే.

మోషే ఈ పనిని ఎవరికి అప్పగించాడో గమనించారా? ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 6 నుండి 9 వరకు చదవండి. దేవుని మాటలను బిడ్డలకు నేర్పవలసినదిగా ఆయన చెప్పింది యాజకులకు కాదు, ప్రజలందరికీ. అంటే తల్లులకు, తండ్రులకు. ఎప్పుడు నేర్పాలి? ఇంట్లో కూర్చున్నప్పుడు, బాటన నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఇందులో ఎక్కడా స్టేజీ లేదు. మరియమాత స్తోత్రగీతాన్ని (లూకా 1:46-55) అన్నా పాడిన పాటతో (1 సమూవేలు 2:1-10) పక్కపక్కన పెట్టి చదవండి. తల్లుల పాటల నుండి తల్లుల పాటలకు దైవవాక్కు ఎలా ప్రవహించిందో తెలుస్తుంది. ఆ బాలిక నజరేతులో పుస్తకం ముందు పెట్టుకుని పాడలేదు. చిన్ననాటి నుండి చెవిన పడినది ఆ ఘడియలో నోటికి వచ్చింది. ఆమె కుమారుడు సిలువపై ప్రాణం విడిచేటప్పుడు పలికినది కూడా కీర్తనల మాటే (లూకా 23:46, కీర్తన 31:5).

మన పెద్దలకు ఈ మార్గం కొత్త కాదు. 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడటానికి ఎంతో ముందే, 18వ శతాబ్దంలోనే, యేసుసభ గురువులు తెలుగు నేలపై తిరిగారు. గురువులు కొద్దిమంది, ఊళ్ళు దూరం, పుస్తకాలు లేవు. పరలోక జపము, మంగళవార్త జపము, విశ్వాస సంగ్రహము, పది ఆజ్ఞలు, అన్నీ ఉపదేశి నోటి నుండి ఇంటి పెద్ద నోటికి, అక్కడినుండి పసివాళ్ళ నోటికి వెళ్ళాయి. అదే శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యంగా రచించాడు. పద్యమైతే తెలుగువాడి నోట నిలుస్తుంది కదా! ఐరోపాలో చదువురాని విశ్వాసులు 150 కీర్తనలకు బదులు 150 మంగళవార్త జపాలు చెప్పుకునేవారు. మన జపమాలకు ఆ లెక్క అక్కడినుండే వచ్చింది. (2002లో రెండవ జాన్‌పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలు చేర్చారు కాబట్టి ఇప్పుడది 200 అయింది.) నాల్గవ శతాబ్దపు ఈజిప్టులో పునీత పకోమియుసు మఠంలో చేరదలచినవాడు ముందుగా ఇరవై కీర్తనలో, రెండు లేఖలో నోటికి నేర్చుకోవాలి. అలెగ్జాండ్రియాకు చెందిన దిదిముసు నాలుగేళ్ళ ప్రాయంలోనే చూపు కోల్పోయాడు. విని విని పవిత్ర గ్రంథాన్ని కంఠస్థం చేశాడు. చివరకు పునీత జెరోము వంటి మహా పండితుడు ఆయన పాదాల వద్ద కూర్చుని నేర్చుకున్నాడు. వేలిముద్ర వేసే మన నాయనమ్మలను బైబులు తెలియనివారని తీసిపారేసే ముందు దిదిముసును తలచుకుందాం.

అయితే కంఠస్థం చేసిన ప్రతివాడూ దేవునికి దగ్గరవాడేనా? ఇక్కడ ఒక చేదు సంగతి ఉంది. అరణ్యంలో యేసును శోధించిన సాతానుకు కూడా కీర్తనలు నోటికి వచ్చు! దేవాలయ శిఖరంపై నిలబెట్టి వాడు చెప్పినది 91వ కీర్తన 11, 12 వచనాలు. మత్తయి 4:6 తెరిచి ఆ కీర్తనతో పోల్చి చూడండి. దేవదూతలు మనలను మన దారులన్నింటా కాపాడతారన్న ముక్క వాడు మింగేశాడు. మన పోటీలలో అయితే మార్కులు కోసేవారు! అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఆ తర్వాతి వచనం, అంటే 13వది, సర్పాన్ని కాలితో తొక్కడం గురించి. సరిగ్గా దాని ముందు వాడు ఆగిపోయాడు. తనకు కావలసినంత వరకే అప్పజెప్పాడు. ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండము నుండే (8:3, 6:16, 6:13) జవాబు చెప్పాడు. అందరి చేత మెప్పు పొందడానికి ఆయన ఆ వచనాలు చెప్పలేదు. ఆకలితో ఉండి, ఒంటరిగా ఉండి, శోధనలో ఉండి చెప్పాడు.

ఇందులోనే పోటీ నడిపేవారికి మొదటి పాఠం ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి ఏరిన యాభై వచనాల జాబితా ఇవ్వకండి. ఒక భాగాన్ని మొదటి నుండి చివరి వరకు ఇవ్వండి. 23వ కీర్తన ఆరు వచనాలే. మత్తయి 5:3-12, అష్టభాగ్యాలు. యువతకు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 13వ అధ్యాయం, పదమూడు వచనాలు. కాస్త గట్టి పిండాలకు తప్పిపోయిన కుమారుని ఉపమానం, లూకా 15:11-32. తల్లిదండ్రుల పట్ల బిడ్డల ధర్మం గురించి సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 3:1-16 ఎంత చక్కగా ఉంటుందో! అది మన 73 గ్రంథాలలో ఉన్నది, పొరుగు సంఘాలవారి 66లో లేదు. అందువల్ల మరో చిక్కు కూడా వస్తుంది. ఇళ్ళలో రెండు రకాల బైబుళ్ళు ఉంటాయి. కథోలిక అనువాదం మాటలు వేరు, పాత గ్రాంథిక అనువాదం మాటలు వేరు. ఏ ప్రతి నుండి నేర్వాలో ముందే చెప్పకపోతే, తప్పేమీ లేని బిడ్డ ఓడిపోయి ఏడుస్తూ ఇంటికి వెళ్తుంది. అలాంటి రభస గుడి ముంగిట తల్లుల మధ్య పంచాయతీ దాకా పోవడం మీలో కొందరైనా చూసే ఉంటారు.

రెండవది కాలం. చాలామంది పిల్లలు పోటీకి ముందు రాత్రి కూర్చుని నూరుతారు. జర్మనీ దేశస్థుడు ఎబింగ్‌హాస్ 1885లో తనమీద తానే పరీక్షలు చేసుకుని, నేర్చినదానిలో ఒక్క రోజులోనే మూడింట రెండు వంతులు జారిపోతుందని చూపాడు. ఒకే రోజు 68 సార్లు వల్లించిన ఫలితం, మూడు రోజులపాటు పంచి 38 సార్లు వల్లించినా వచ్చిందట. ఆయన అర్థంలేని అక్షరాలతో చేశాడు, అర్థమున్న దేవుని మాటలు ఇంకాస్త మేలుగానే నిలుస్తాయి. ఏమైనా సారాంశం మన అమ్మమ్మలకు తెలిసినదే: రోజూ కొంచెం. హెబ్రీయులు 119వ కీర్తనను 22 అక్షరాల వరుసలో, అక్షరానికి ఎనిమిది వచనాల చొప్పున 176 వచనాలుగా అల్లుకున్నది కూడా తరాల తరబడి నోట నిలుపుకోవడానికి తోడ్పడింది. కాబట్టి పోటీని ఒక్క పూట తతంగంగా కాక మూడు నెలల పనిగా పెట్టండి.

ఏ మూడు నెలలు? పల్నాడు సంగతి తెలియనివారే వేసవి సెలవుల్లో పెట్టమంటారు. రెంటచింతల ఎండ పేరు రాష్ట్రమంతా తెలుసు, మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద పసిపిల్లలను కూర్చోబెట్టడం పాపం. జనవరి నుండి మార్చి దాకా మిరప కోతలు. పేదవారి పిల్లలు బడి వదలగానే చేలకు పోతారు, వలస వచ్చిన కూలీల బిడ్డలైతే బడికే పోలేరు. పైగా శివరాత్రి, తపస్సుకాలం దాదాపు కలిసే వస్తాయి. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న, విభూది బుధవారం మార్చి 5న వచ్చాయి. ఆ రోజులలో కోటప్పకొండ దారిన బండి కదలదు. జూలైలో మొదలుపెట్టి, సెప్టెంబరు 30న పునీత జెరోము పండుగకు ముగిస్తే అందరికీ వీలు. 2019లో అదే తేదీన ఫ్రాన్సిస్ పోపుగారు ఏటా సామాన్యకాలపు మూడవ ఆదివారాన్ని దైవవాక్కు ఆదివారంగా జరుపుకోవాలని నిర్ణయించారు. జనవరిలో వచ్చే ఆ ఆదివారం నాడు, సెప్టెంబరులో నేర్చినది ఎంత నిలిచిందో పిల్లల చేతనే పూజలో చెప్పించవచ్చు.

ఇక బహుమతుల విషయం. నాకు గట్టిగా అనిపించే మాట చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు. మొదటి, రెండవ, మూడవ బహుమతులు సాధారణంగా ఒకే రకం ఇళ్ళకు పోతున్నాయి: చదువుకున్న తల్లి, సాయంత్రం తీరిక, ఇంట్లో లైటు, ఫ్యాను. చేను నుండి వచ్చి నిద్రకు తూలే బిడ్డ నాలుగు వచనాలు నేర్చినా అది ఘనకార్యమే. నిర్ణయించిన భాగాన్ని పూర్తిగా చెప్పినవారందరికీ సమానంగా ఒకే బహుమతి ఇవ్వండి. ఒక చిన్న నూతన నిబంధన గ్రంథం చాలు. ఇంటింటిని ఒక జట్టుగా తీసుకోండి. బిడ్డతోపాటు తండ్రి కూడా చెప్పాలని షరతు పెట్టండి! అప్పుడు చూడండి, ఎన్ని ఇళ్ళలో టీవీ ఆగుతుందో. ఇంగ్లీషు మీడియం పిల్లలు కొందరికి తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు లిపిలో రాసుకుని చదువుతారు. వారిని వెక్కిరించకండి, దిదిముసు మార్గంలో చెవితో నేర్పండి. మూడవ వచనం దగ్గర ఆగిపోయి మైకు ముందు వణికే బిడ్డకు మెల్లగా అందివ్వండి. అంతమందిలో తండ్రి కసిరితే ఆ బిడ్డకు గుడి అంటేనే భయం పుడుతుంది. ఒక వచనం పోయినందుకు ఒక ఆత్మను పోగొట్టుకునే బేరం మనకెందుకు?

కేరళలో పీఠాధిపతుల బైబులు కమిషన్ నడిపే ‘లోగోస్’ పోటీకి పెద్దలూ పిన్నలూ కలిసి ఏటా లక్షల సంఖ్యలో కూర్చుంటున్నారు. మన యువకులు మాత్రం పదో తరగతి దాటగానే, ఇది చిన్నపిల్లల ఆట అని తప్పుకుంటారు. ఫోనులో బైబులంతా ఉండగా నోటికి ఎందుకండీ అని అడుగుతారు. మంచి ప్రశ్నే. వారికి వియత్నాం దేశపు ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ గారి సంగతి చెప్పండి. సైగాను సహాయ అగ్రపీఠాధిపతిగా నియమితులైన కొద్ది నెలలకే, 1975 ఆగస్టు 15న, ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. పదమూడేళ్ళు నిర్బంధం, అందులో తొమ్మిదేళ్ళు ఒంటరి చెర. బైబులు దగ్గర ఉంచుకోనివ్వలేదు. దొరికిన చిత్తు కాగితపు ముక్కలు పోగుచేసి, సువార్తలలో జ్ఞాపకమున్న మూడు వందలకు పైగా వాక్యాలను వాటిపై రాసుకున్నారు. ఆ ముక్కలే ఆయనకు బైబులు. 1988లో విడుదలై, 2001లో కార్డినల్ అయి, 2002లో ప్రభువును చేరుకున్నారు. మన పిల్లలకు చెర రాకూడదనే కోరుకుందాం. కాని ఆసుపత్రి మంచం వస్తుంది, ఊరుగాని ఊరిలో హాస్టలు గది వస్తుంది, పరీక్ష తప్పిన రాత్రి వస్తుంది. ఆ రాత్రి ఫోను తీస్తే ముందుగా కనిపించేది 23వ కీర్తన అయితే కాదు.

అందుకే యువతకు స్టేజీ కాకుండా పని ఇవ్వండి. నేర్చిన భాగాన్ని నెలకొకసారి మంచాన పడిన ముసలివారి ఇంటికి వెళ్ళి చెప్పి రమ్మనండి. ఆదివార పూజలో పఠనాలు చదివే బాధ్యత వారికే అప్పగించండి. చిన్నపిల్లల జట్లకు వారినే నేర్పేవారిగా పెట్టండి. నేర్పేవాడికి వచ్చినంత బాగా నేర్చేవాడికి రాదు.

ఇవన్నీ పెద్ద ఏర్పాట్లని భయపడేవారు ఉంటారు. కమిటీ కోసం, చందాల కోసం ఆగవద్దు. ఈ ఆదివారం రాత్రి జపమాల ముగిశాక, దీపం ఆర్పకముందు, ఇంటిల్లిపాదీ 117వ కీర్తన తెరవండి. కీర్తనలన్నింటిలో చిన్నది అదే, రెండే వచనాలు. నాయనమ్మను ముందు చెప్పమనండి.