గిన్నె అంచు

మా కొత్తపేట వైపు వాళ్లకి గోదావరి మట్టం అడుగుల్లెక్కన నోటికొచ్చు. ధవళేశ్వరం దగ్గర 11.75కి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నాన్‌లీనియర్ కంట్రోల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఈ అంకెలతోనే మొదలుపెడతాను. నీరు అడుగు పెరిగితే కష్టమూ అడుగే పెరగదు. ఏటిగట్టు లోపల ఉన్నంతసేపూ ఊళ్లో పెళ్లిళ్లు కూడా జరుగుతాయి. గట్టు మీదకి జానెడు ఎక్కిందా, ఇక 1986 ఆగస్టే. ఆ వరద చూసినవాళ్లు మా ఊళ్లో ఏ సంఘటన తేదీ చెప్పాలన్నా దానికి ముందూ వెనకా అనే చెబుతారు.

లీనియర్ అంటే పెట్టినదానికి తగ్గట్టు వచ్చేది. రెండింతలు పెడితే రెండింతలు. కాలేజీ చదువంతా దాదాపు ఇదే. లోకం అలా లేదని మాస్టార్లకీ తెలుసు, కానీ లెక్క తెగాలి కదా! వంకర గీతనైనా బాగా దగ్గరికెళ్లి చూస్తే తిన్నగానే కనిపిస్తుంది. ఆ కాస్త మేర తిన్ననిదే అనుకుని లెక్కగడతాం. అందులో తప్పేం లేదు, ఆ మేర ఎంతో మర్చిపోనంతవరకు.

నా ఉద్యోగమంతా ఆ మేర కొలవడంతోనే గడిచింది. 1892లో ల్యాపునోవ్ అనే రష్యన్ తన థీసిస్‌లో ఒక ఉపాయం చెప్పాడు. సమీకరణం సాధించక్కర్లేదు, శక్తిలాంటి రాశి ఒకటి వెతికి పట్టుకుని, అది తగ్గుతూ పోతుందని చూపిస్తే చాలు, వ్యవస్థ కుదుటపడుతుంది. గిన్నెలో వేసిన గోళీ ఏ దారిన తిరిగినా చివరికి అడుక్కే చేరుతుంది కదా, అలాగ. అయితే ఆ రాశిని అన్నిచోట్లా కనిపెట్టిపెట్టే పద్ధతి ఇవాళ్టికీ లేదు. ఒకదాని కోసం నాకు రెండేళ్లు పట్టింది. దొరికాక చూస్తే నా గిన్నె దోసెడంత. అంచు అవతల గోళీ నిలుస్తుందనీ చెప్పదు, పోతుందనీ చెప్పదు.

గుంటూరులో 1947లో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్ గారి ‘నాన్‌లీనియర్ సిస్టమ్స్ ఎనాలిసిస్’ 1978లో వచ్చింది. స్థిరం అనే ఒక్క మాటలో ఎన్ని రకాలున్నాయో, ఏది ఎంత దూరం పనికొస్తుందో ఆ పుస్తకం దగ్గర కూర్చున్నాకే నాకు తెలిసింది. ఆయన దారీ తిన్ననిది కాదు: అమెరికాలో డాక్టరేటు, కెనడాలో పాఠాలు, 1989లో బెంగళూరులో రక్షణశాఖ రోబోటిక్స్ ప్రయోగశాల, తర్వాత టీసీఎస్, ఆపైన కాన్సర్ జీవశాస్త్రం. 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఇదంతా ముందే గీసుకున్న గీత అంటే నేను నమ్మను.

ఒక శ్రావణంలో ఇంటికెళ్తే రెండో హెచ్చరిక ఇచ్చి ఉంది. సాయంత్రం నాన్న నన్ను గట్టు మీదకి తీసుకెళ్లాడు.

“ఏరా, నీ లెక్క ప్రకారం ఇది ఆగుతుందా?”

“ఎంత నీరొస్తుందో చెప్పు నాన్నా, చెబుతాను.”

“అదే తెలిస్తే నిన్నెందుకడుగుతాను?”

వంగి, నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు. టీ తాగొచ్చి చూద్దాం పద అన్నాడు.