పర్వతారోహకుని మూట

సూత్రములో అర మాత్ర తగ్గినచో వైయాకరణుడు కొడుకు పుట్టినంతగా సంతోషించునని మా గురువులు చెప్పి నవ్వుచుండెడివారు. అట్టి సంతోషమును నేనిటీవల మరియొకచోట చూచితిని. మా పాఠశాలలో చదివిన యువకుడొకడు హిమాలయములలో మంచుకొండలెక్కుట నేర్చుకొనబోవుచు, వీపుసంచి కొనుటకు ముందు నా సలహాకై వచ్చెను. కొండలను గూర్చి నాకు తెలిసినది పుస్తకముల వలననే. అయినను, అతడు తక్కెడ యెదుట కూర్చుండి టూత్‌బ్రష్షు పిడిని కోసి, 4 గ్రాములు తగ్గెనని మురియుట చూచి, ఇదియు మన శాస్త్రమే కదా యనుకొంటిని.

చదువరులు నవ్వవచ్చును. కాని గాలి పలుచనైనచోట ప్రతి కిలోయు ఊపిరిని అడుగును. శిబిరము వెంట శిబిరము కట్టి సామాను ముందుగా చేరవేయక, కావలసినదంతయు వీపున నుంచుకొని శిఖరమునకు పోవుటను ఆల్పైన్ పద్ధతి యందురు. ఆ పద్ధతివారు సాధారణముగా 30 మొదలు 45 లీటర్ల సంచితో సరిపెట్టుకొందురు. పెద్దసంచి కొన్నవాడు దానిని నింపకుండ నుండలేడు. మంచి సంచికి జేబులు తక్కువ. పైమూతయు, నడుముపట్టెయు, వీపున నుండు మెత్తని పలకయు ఊడదీయ వీలగును. ఆ పలకను మంచుపై పరచుకొని కూర్చుండవచ్చును. గుడారము లేని రాత్రి ఖాళీసంచిలో కాళ్లు దూర్చుకొనవచ్చును. సంచిని మనిషి యెత్తును బట్టిగాక, మెడ క్రింది యెముకనుండి తుంటి వరకు గల వీపు పొడవును బట్టి యెంచవలెను. మిక్కిలి పలుచని బట్ట తేలికయే, కాని రాతికొరసి చిరుగును. చిరుగులోనుండి చేతితొడుగు జారిపోయినచో వ్రేళ్లు పోవును.

మా యిద్దరికిని వాదము మందుల పెట్టెవద్ద వచ్చెను. "అది నాతో వచ్చేవాడి సంచిలో ఉంటుందండీ, మాస్టారూ" అనెను. పొయ్యి యొకనివద్ద, తాడు మరియొకనివద్ద నుండుట న్యాయమే. కాని యితడు తోడివాని నడిగియుండలేదు; వానివద్ద నుండునని నమ్మి, ఆ బరువును తన లెక్కలోనుండి కొట్టివేసెను.

పాణిని సూత్రములు చిన్నవి. వానిపై పతంజలి వ్రాసినది మహాభాష్యము. ఒకరు తగ్గించిన మాత్రలు మరియొకరి గంటమునకు భారమైనవి. కొండలలోను ఇంతే. 1953 లో టెన్జింగు, హిల్లరీ ఎవరెస్టు నెక్కిన యాత్రకు సామాను మోసిన కూలీలు 300 మందికి పైబడినారు. 1980 లో రైన్‌హోల్డ్ మెస్నరు టిబెట్టు వైపునుండి ఆక్సిజను బుడ్డి లేక ఒంటరిగా ఆ శిఖరమునే యెక్కినప్పుడు, తుది మజిలీ దాటిన పిమ్మట గుడారము సైతము తన వీపుననే మోసెను. 2014 ఏప్రిల్ 18 న ఖుంబు మంచుపాతమువద్ద హిమపాతమున మరణించిన 16 మందియు ఇతరుల యాత్రలకై సామాను చేరవేయుచు, దారి సిద్ధపరచుచు నుండిన నేపాలీయులు. ఆ సంవత్సరమే మే 25 న నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ ఉత్తరపు దారిని శిఖరము చేరెను. ఆ గర్వము మనకు గుర్తున్నది. ఆ పదునార్గురు గుర్తులేరు.

కూలికి మోయుట తప్పని నేననను. ఆ కూలితో ఎన్నియో యిండ్లు నిలుచుచున్నవి. మోసినవానిని లెక్కింపక "నా మూట తేలిక" యని చెప్పుకొనుటయే నాకు సరిపడనిది.

ఇట్లనుటకు నాకధికారము తక్కువ. తిరుమల మెట్లెక్కునప్పుడు నేను కండువా తప్ప మరేమియు లేక చురుకుగా నడచి, వెనుకబడిన నా భార్యను తొందరించితిని. గాలిగోపురముకడ కూర్చుండి, దాహమై ఆమె చేతిసంచి నందుకొన్నప్పుడుగాని దాని బరువు నాకు తెలియలేదు. నీళ్లసీసాలు, పులిహోర పొట్లములు, చిన్నవాని బట్టలు అన్నియు అందే యున్నవి. ఆమె యేమియు ననలేదు.

గత ఆదివారము కుర్రవాడు సంచి తెచ్చెను. అది 45 లీటర్లది. ఖాళీగా కిలోకు కొంచెము పైన తూగెను. బియ్యపు మూటలతో 14 కిలోలు నింపి, మా మేడమెట్లు పదిమారులు ఎక్కించితిని. నడుముపట్టె యెడమప్రక్క ఒరయుచున్నదనెను. వేరొక కొలతది మార్చి తెచ్చుకొనునట. మందుల పెట్టెను గూర్చి తోడివానికి వ్రాయగా, అది నీయొద్దనే యుండుననుకొంటినని బదులు వచ్చెనట.