స్త్రీపర్వం ముందే రావాలి

2003 ఫిబ్రవరి 15న ప్రపంచమంతటా 600కు పైగా నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. ఇరాక్ మీద యుద్ధం వద్దన్నారు. రోమ్‌లో, లండన్‌లో, మాడ్రిడ్‌లో లక్షలాది మంది నడిచారు. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పరిశోధన కేంద్రంలో పనిచేసేవాళ్ళు సైతం మంచు మీద నిలబడి ఆ నిరసనలో కలిశారు. యుద్ధం ఇంకా మొదలుకాకుండానే ఇంతమంది ఒక్కరోజే అడ్డుచెప్పడం అరుదైన సంగతి. అయినా మార్చి 20న బాంబులు పడ్డాయి.

అయితే ఆ నడకంతా దేనికి? యుద్ధాన్ని ఆపలేని నిరసనకు అర్థం ఏమిటి? యుద్ధం కావాలనేవాళ్ళు ఈ ప్రశ్నను వెక్కిరింపుగా వేస్తారు. వెక్కిరింపుగా వేసినంత మాత్రాన ప్రశ్న చిన్నదైపోదు. ఏ ఊళ్ళోనైనా పదిమంది ప్లకార్డులు పట్టుకుని కూడలిలో నిలబడి, చీకటి పడ్డాక ఇళ్ళకు మళ్ళేటప్పుడు ఈ ప్రశ్న వాళ్ళ వెంటే వస్తుంది. దానికి జవాబు వెతక్కుండా శాంతి గురించి మాట్లాడటం కుదరదు.

మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. నా మనస్సాక్షికి నేను సమాధానం చెప్పుకోవాలి గదా అన్నది మొదటిది. ఇవాళ కాకపోతే రేపైనా మార్పు వస్తుందన్నది రెండోది. మొదటిది గౌరవించదగ్గదే గానీ చాలదు. కూలిన ఇంటి కింద పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి నా మనస్సాక్షి నిర్మలంగా ఉన్నందువల్ల ఒరిగేదేమీ లేదు. రెండోది కొన్నిసార్లు నిజమవుతుంది. 2013 ఆగస్టులో బ్రిటన్ పార్లమెంటు సిరియా మీద సైనిక చర్యను 285–272 ఓట్లతో తోసిపుచ్చినప్పుడు, ఇరాక్ అనుభవం ఆ చర్చలో పదేపదే వినిపించింది. కానీ పదేళ్ళకు ఒంటపట్టిన పాఠం అప్పటికే పోయినవాళ్ళను తిరిగి తేలేదు. రేపటి మీద నమ్మకం ఉండాల్సిందే. ఇవాళ మనం చేస్తున్నదేమిటో చెప్పకుండా తప్పించుకోవడానికి మాత్రం ఆ నమ్మకం సాకు కాకూడదు.

మరి యుద్ధం నడుస్తుండగానే ఒక చిన్న గుంపు చేయగలిగిన పని, ప్రభుత్వాలకు చేతకాని పని ఏదైనా ఉందా? ఉందనే నా నమ్మకం. దాని ఆనవాలు మన భారతంలోనే దొరుకుతుంది.

కురుక్షేత్రం ముగిశాక గాంధారి యుద్ధభూమిని దివ్యదృష్టితో చూస్తుంది. తిక్కన తెనిగించిన స్త్రీపర్వంలో ఆమె శోకం తన నూరుగురు కొడుకుల దగ్గర ఆగిపోదు. అభిమన్యుడి శవం దగ్గర ఉత్తర పడే వేదన ఆమె కంటపడుతుంది. ద్రుపదుడి కోసం, విరాటుడి కోసం ఏడ్చే ఆడవాళ్ళు కంటపడతారు. వాళ్ళంతా తన కొడుకులతో పోరాడిన పక్షంవాళ్ళు. పద్దెనిమిది రోజులు రెండు సేనలుగా నిలిచిన నేల ఆమె చూపులో ఒకే శ్మశానమైంది. ఇదే గాంధారి అంతకుముందు ఉద్యోగపర్వంలో కొలువుకు వచ్చి, సంధి చేసుకొమ్మని దుర్యోధనుడికి చెప్పింది. అతను పెడచెవిన పెట్టి లేచిపోయాడు. రాజనీతిగా చెప్పినప్పుడు ఆమె మాట చెల్లలేదు. శోకమై వచ్చినప్పుడు ఆమె శాపాన్ని కృష్ణుడంతటివాడు స్వీకరించాడు. అయితే అప్పటికి ఎవరినీ కాపాడుకునే వీలు మిగల్లేదు.

భారతంలో స్త్రీపర్వం పదకొండోది. యుద్ధపర్వాలన్నీ గడిచాకే వస్తుంది. అన్ని దేశాల్లోనూ అంతే: పగ ముందు, రెండు వైపులవాళ్ళ కోసం దుఃఖం తరవాత. యుద్ధం మనుషుల్ని చంపడానికి ముందే ఎవరి చావుకు ఏడవాలో, ఎవరి చావును లెక్క వేసుకోవాలో తేల్చేస్తుంది. మనవాడు పోతే పేరు, ఊరు, ఫొటో, అమ్మ కన్నీళ్ళు పేపర్లోకి ఎక్కుతాయి. అవతలివాడు పోతే ఒక అంకె మిగులుతుంది. ఈ విభజన జరగనిదే ఏ యుద్ధమూ ఎక్కువకాలం సాగదు. శాంతి కోరి వీధిలో నిలబడేవాళ్ళ అసలు పని ఈ విభజనను ఒప్పుకోకపోవడం, స్త్రీపర్వాన్ని యుద్ధం మధ్యలోకి, వీలైతే యుద్ధానికి ముందుకు తీసుకురావడం.

1987 డిసెంబరులో పాలస్తీనాలో మొదటి ఇంతిఫాదా మొదలైంది. నెల తిరక్కుండానే, 1988 జనవరిలో, జెరూసలేంలో కొందరు ఇజ్రాయెలీ స్త్రీలు నల్లబట్టలు కట్టుకుని కూడలిలో నిలబడ్డారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక గంట, మౌనంగా. చేతుల్లో అరచెయ్యి ఆకారంలో నల్లటి అట్టలు, వాటి మీద ఆక్రమణ ఆపాలన్న మాట. దారినపోయేవాళ్ళు వాళ్ళను నోటికొచ్చిన బూతులు తిట్టారు. తరవాత ఇటువంటి మౌన ప్రదర్శనలు అనేక దేశాలకు పాకాయి. యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు, 1991 అక్టోబరు 9న బెల్‌గ్రేడ్‌లో స్త్రీలు అలాగే నల్లబట్టలతో నిలబడ్డారు. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సేనలు 8,000కు పైగా బోస్నియా ముస్లిం పురుషుల్ని, మగపిల్లల్ని చంపాయి. ఆ హత్యాకాండను ఒప్పుకోవడానికి నిరాకరించేవాళ్ళు నేటికీ ఉన్న సెర్బియా రాజధానిలోనే, ఏటా జులైలో ఆ స్త్రీలు మృతులకు నివాళి అర్పిస్తూ వచ్చారు. ద్రోహులన్న ముద్ర వేయించుకున్నారు, పడ్డారు, మళ్ళీ వచ్చారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అందరి కోసం ఒకేలా ఏడవడం అన్యాయం కాదా? కొట్టినవాణ్ణీ దెబ్బతిన్నవాణ్ణీ ఒకే గాటన కట్టడం కాదా? ఈ అభ్యంతరంలో నిజం ఉంది. ఎవరి పక్షమూ తీసుకోకుండా శాంతి శాంతి అని జపించే సభలు చాలాసార్లు బలవంతుడికే మేలు చేస్తాయి. అయితే జెరూసలేం స్త్రీల చేతిలోని అట్ట మీద ఇద్దరిదీ తప్పే అని లేదు. ఆక్రమణ ఆపమని ఉంది. బెల్‌గ్రేడ్ స్త్రీలు అన్ని పక్షాలవాళ్ళూ హత్యలు చేశారని చెప్పి ఊరుకోలేదు. తమ ప్రభుత్వం అండతో, తమ జాతి పేరుతో జరిగిన నేరాల గురించే ముందుగా గొంతెత్తారు. దుఃఖంలో తేడా చూపకపోవడం వేరు, బాధ్యతలో తేడా లేదనడం వేరు. పోయిన బిడ్డ ఎవరి బిడ్డయినా బిడ్డే. ఆ బిడ్డను చంపిన చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పి తీరాలి. ఆ చెయ్యి మన వైపుదైతే మరీ ముందుగా చెప్పాలి. పొరుగుదేశం తప్పును ఎత్తిచూపడానికి ధైర్యం అక్కర్లేదు, అందుకు అక్కడివాళ్ళే ఎవరో ఒకరు నిలబడాలి.

ఇటువంటి ప్రయత్నం మన నేల మీద కూడా జరిగింది. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. పదేళ్ళ తరవాత, 1997లో, ఆయన ముందుండి నడిపిన పౌర స్పందన వేదిక ఎన్‌కౌంటర్ల పేరిట పోలీసులు చేసే హత్యల్ని ప్రశ్నించింది. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి నక్సలైట్లు చేసే హత్యల్నీ ప్రశ్నించింది. ఇద్దరి మధ్యా నలిగిపోయే పల్లెజనం గురించి ఇద్దరినీ నిలదీసింది. 1998లో బాలగోపాల్, ఆయన సహచరులు మానవ హక్కుల వేదికను స్థాపించడం వెనక కూడా ఇటువంటి మథనమే ఉంది: రాజ్యం చేసే హింసను ఖండించే మనం, ఉద్యమం చేసే హింస దగ్గర మాట ఎందుకు మింగాలి? పౌర స్పందన వేదిక ఏళ్ళ తరబడి చేసిన కృషి 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగిన చర్చలకు దారి వేసింది. ప్రభుత్వ ప్రతినిధులూ మావోయిస్టు ప్రతినిధులూ ఎదురెదురుగా కూర్చున్నారు. మరుసటి ఏడాది మొదట్లోనే ఆ ప్రయత్నం కూలిపోయింది, తుపాకులు మళ్ళీ పేలాయి. అయినా ఆ కొద్ది నెలల్లో కాల్పులు తగ్గినందువల్ల బతికిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరో వాళ్ళకు కూడా తెలియదు. శాంతి చేసిన మేలును లెక్కగట్టడం అందుకే కష్టం. జరగని చావులకు జాబితా ఉండదు.

ఈ పనిని ప్రభుత్వాలకే వదిలేయవచ్చు గదా అని అడగవచ్చు. పశ్చాత్తాపపడిన రాజు మన చరిత్రలో ఒకడున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, అందుకు తాను చింతిస్తున్నాననీ రాజు స్వయంగా చెప్పుకున్నాడు. గెలిచిన రాజు ఓడినవాళ్ళ శవాల్ని ఇలా దుఃఖంతో లెక్కించడం గొప్ప విషయం, అందులో సందేహం లేదు. కానీ ఆ శాసనం కళింగలో లేదు. ధౌలిలో, జౌగడలో దాన్ని వదిలేసి, ప్రజలంతా తన బిడ్డలేనని చెప్పే వేరే శాసనాలు చెక్కించాడు. పైగా ఆ పదమూడో శాసనంలోనే అడవి జనానికి ఒక హెచ్చరిక ఉంది: రాజు చింతిస్తున్నా, దండించే శక్తి ఆయనకు ఉందని గుర్తుంచుకోవాలట. అంతటి అశోకుడి పశ్చాత్తాపానికి కూడా రాజ్యం ఒక హద్దు గీసింది. ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళ ముందుకు వెళ్ళి ఆ మాట చెప్పలేకపోయాడు. రాజ్యం చేయలేని ఆ మిగతా సగం పని మామూలు మనుషులే చేయాలి.

అది చేసినందుకు రక్షణ దొరుకుతుందా? దొరకదు. వివియన్ సిల్వర్ కెనడాలో పుట్టి ఇజ్రాయెల్‌లో స్థిరపడిన శాంతి కార్యకర్త. గాజా రోగుల్ని కారులో ఇజ్రాయెల్ ఆసుపత్రులకు చేర్చే పని స్వచ్ఛందంగా చేసేవారు. ఆమె సహస్థాపకురాలిగా ఉన్న మహిళా శాంతి ఉద్యమం 2023 అక్టోబరు 4న పాలస్తీనా స్త్రీల సంఘంతో కలిసి పెద్ద సభ జరిపింది. మూడు రోజుల తరవాత బేరీ కిబుట్జ్‌పై హమాస్ చేసిన దాడిలో, 74 ఏళ్ళ వయసులో, ఆమె హతమయ్యారు. ఆ తరవాత గాజాలో జరిగిన మారణకాండలో వేలకు వేలు పిల్లలు పోయారు. ఇది చూసి శాంతి మాట వృథా అనేవాళ్ళున్నారు. ఆమె కొడుకు మాత్రం ప్రతీకారం కోరలేదు, అమ్మ వదిలిన పనిని చేపట్టారు. రెండు వైపులా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు 1995 నుంచి ఒకే సంఘంగా కలుసుకుంటున్నారు. 2006 నుంచి ఏటా ఉమ్మడి సంస్మరణ సభ జరుగుతోంది. 2018లో ఆ సభకు పాలస్తీనీయులు రాకుండా ఇజ్రాయెల్ రక్షణ మంత్రి ఆపితే, సుప్రీంకోర్టు అనుమతి ఇప్పించింది. కలిసి ఏడ్చే సభను చూసి ఒక రక్షణ మంత్రి జంకాడంటే, ఆ దుఃఖం యుద్ధాన్ని ఎక్కడ తాకుతుందో తెలుస్తుంది.

కొన్నిసార్లు అది యుద్ధాన్ని ఆపుతుంది కూడా. 2003లో లైబీరియాలో లేమా బోవీతో పాటు వందలాది క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలతో రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర కూర్చున్నారు, ఎండనకా వాననకా. ఆ జులైలో ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు సాగకపోతే, హాలు తలుపుల దగ్గర బైఠాయించి ప్రతినిధులు బయటికి పోకుండా అడ్డుకున్నారు. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. అంతర్జాతీయ ఒత్తిడీ ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా ఈ స్త్రీలు లేకుండా ఆ కథ లేదు. ఫలితం ఖాయమని తెలిసి వాళ్ళు కూర్చోలేదు. కూర్చున్నందువల్ల ఫలితానికి ఒక అవకాశం ఏర్పడింది.

ఇప్పుడు మన సంగతి. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో ఉగ్రవాదులు పర్యాటకుల్ని దారుణంగా చంపారు. భర్తను పోగొట్టుకున్న ఒక యువతి ఆ దుఃఖంలోనే, ముస్లింల మీదా కశ్మీరీల మీదా ద్వేషం వద్దు, న్యాయం కావాలి, శాంతి కావాలి అన్నది. ఆ మాటకు ఆమెను సోషల్ మీడియాలో తిట్టిపోశారు. తరవాతి నెలలో భారత్–పాకిస్తాన్ ఘర్షణ ముదిరినప్పుడు పూంచ్‌లో పాకిస్తాన్ పేల్చిన గుండ్లకు మన పౌరులు చనిపోయారు. సరిహద్దుకు ఆవల కూడా పౌరుల ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో మన టీవీ తెరల మీద అవతలి పసివాడి పేరు ఒక్కటైనా విన్నామా? వినాలని అడిగామా? ఉగ్రవాదాన్ని శిక్షించాలనడానికీ, అవతలి ఊళ్ళోని పిల్లవాడి చావుకు బాధపడటానికీ వైరుధ్యం లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు, ఉండాలి. మొదటిది మాత్రమే ఉండి రెండోది ఎండిపోతే, చంపినవాడి పక్కకే మనం జరిగిపోయామని అర్థం.

కాబట్టి శాంతి సభను గెలుపోటముల తూకంలో వేయకండి. అక్కడ ఎవరి మృతుల గురించి మాట్లాడారో చూడండి. మనవాళ్ళ గురించి మాత్రమే మాట్లాడితే అది సంతాపసభ. అవతలివాళ్ళ గురించి కూడా, అందులోనూ మన చేతిలో పోయినవాళ్ళ గురించి మాట్లాడితేనే అది శాంతి సభ. మళ్ళీ యుద్ధం మాట వినిపించిన మొదటి రోజే మీ ఊరి గ్రంథాలయంలోనో, కాలేజీలోనో, కూడలిలోనో పదిమంది కూడండి. రెండు వైపులా పోయిన మామూలు మనుషుల పేర్లు వెతికి, పైకి చదవండి. తిట్లు వస్తాయి, పడండి. ఏడ్చే పనిని మాత్రం యుద్ధం ముగిసేదాకా వాయిదా వేయకండి.