శరీరానికి ఇచ్చిన మాట



డాక్టరు గారు రక్త పరీక్ష కాగితం చూసి, "రోజూ అరగంట వ్యాయామం చేయండి" అని చెప్పినప్పుడు "అలాగేనండీ" అని తల ఊపని వారు ఉండరు. మొదటి వారం కోడి కూయకముందే లేస్తాం. రెండవ వారం వాన పడుతుంది. మూడవ వారం చుట్టాలు వస్తారు. నాలుగవ వారానికి చాప చుట్టి మూలన పెట్టేస్తాం. ఇది నవ్వుకోదగిన సంగతిగా కనిపించినా, దీని వెనుక పెద్ద ప్రశ్నే ఉన్నది. మంచిదని తెలిసి, చేస్తానని నిశ్చయించుకొని, చేయగలిగి ఉండి కూడా మనిషి ఎందుకు చేయడు? అది ఒట్టి బద్ధకమేనా, లేక క్రైస్తవుడు అంతరాత్మను పరిశోధించుకోవలసిన విషయమా?

జహీరాబాద్ ప్రాంతంలో ఈ మాట ఎత్తితే కొందరికి నవ్వు వస్తుంది. చెరకు కొట్టేవారికి, అల్లం తవ్వేవారికి వేరే వ్యాయామం దేనికి? న్యాయమైన ప్రశ్నే. పొద్దుగూకే దాకా చేనులో వంగి పని చేసిన తల్లికి కావలసింది దండీలు, బస్కీలు కాదు, విశ్రాంతి. కాని చిరాగ్‌పల్లి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిని చూడండి. పుణె నుండి మచిలీపట్నం దాకా సాగే ఆ దారి మీద లారీ నడిపేవారు గంటల తరబడి సీటులోనే ఉంటారు. దుకాణంలో, ఆఫీసులో, కంప్యూటరు ముందు కూర్చునే మన బిడ్డల సంగతీ అంతే. తాత నడిచిన దూరం మనవడు మోటారు సైకిలు మీద పోతున్నాడు. జొన్నరొట్టె తిన్న ఇళ్లలో మూడు పూటలా తెల్లన్నం వచ్చింది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తూనే ఉన్నది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో తెలిపింది. 2022 నాటికి దేశంలోని పెద్దవారిలో దాదాపు సగం మందికి శరీరానికి చాలినంత కదలిక లేదని 2024లో లాన్సెట్ పత్రికలలో ఒకటి ప్రచురించింది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. దీనికి జిమ్ము అక్కరలేదు. ఇంటి వాకిలి చాలు.

అయితే, శరీరం సంగతి శ్రీసభకు ఎందుకు? ఆత్మ రక్షణ ముఖ్యం గదా అని కొందరు భక్తులు అనుకుంటారు. ఆత్మ పడవ నడిపే సరంగు వంటిదనీ, శరీరం వట్టి పడవేననీ తలచే ఆలోచన చాలా పాతది. పునీత తోమాసు అక్వినాసు వారు దానిని అంగీకరించలేదు. మనిషి అంటే ఆత్మ ఒక్కటే కాదు, ఆత్మ శరీరాల ఏకత్వమే మనిషి అని ఆయన బోధించారు. అందుకే విశ్వాస ప్రమాణంలో మనం ఆత్మ అమరత్వంతో సరిపెట్టుకోము, శరీరం యొక్క ఉత్థానాన్ని కూడా ఒప్పుకుంటాము. జ్ఞానస్నానపు నీరు పడింది ఈ తల మీదనే. దివ్యసత్ప్రసాదాన్ని అందుకునేది ఈ నాలుకే. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని దేవుడు మనకు అప్పగించిన అమూల్య వరాలుగా చెబుతుంది. ఆ వెంటనే మరొక హెచ్చరిక కూడా చేస్తుంది: శరీరాన్ని విగ్రహంగా చేసి పూజించరాదు.

ఈ రెండు మాటల మధ్యనే మన దారి ఉన్నది. అద్దం ముందు నిలబడి కండలు చూసుకోవడమే గురి అయితే, ఆ వ్యాయామం భక్తిగా మారి తప్పుడు దేవునికి నైవేద్యం అవుతుంది. బిడ్డలను పెంచడానికి, ముసలి తల్లిదండ్రులను లేవనెత్తడానికి, ఎవరికీ భారం కాకుండా పని చేసుకోవడానికి శరీరాన్ని సిద్ధంగా ఉంచుకోవడం గురి అయితే, అదే వ్యాయామం ప్రేమలో ఒక భాగం అవుతుంది.

ఇక రెండవ ప్రశ్న. చేస్తానన్న వ్యాయామం మానేస్తే పాపమా? ఇక్కడ తేడా గమనించాలి. మ్రొక్కుబడి దేవునికి చేసిన వాగ్దానం, అది కట్టుబాటు. మనలో మనం చేసుకున్న సంకల్పం మ్రొక్కుబడి కాదు. ఒక ఉదయం లేవలేదని ఎవరూ భయపడనక్కరలేదు. కాని మధుమేహం ఉన్న ఇంటి యజమాని, వైద్యుడు పదేపదే చెప్పినా ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేస్తే, నష్టం ఆయన ఒక్కడిదే కాదు. కాలి పుండు మానక మంచాన పడితే సేవ చేసేది భార్య, చదువు మానేది కూతురు, అప్పు తీర్చేది కొడుకు. "నా శరీరం నా ఇష్టం" అనే మాట కుటుంబంలో చెల్లదు. అక్కడ విషయం న్యాయానికి, ప్రేమకు సంబంధించినదవుతుంది.

మరి తెలిసీ ఎందుకు మానేస్తాం? మంచిని ఎరిగి కూడా చేయలేని ఈ బలహీనతను గురించి అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఎంతో ఆలోచించాడు. ఇల్లు కడుతూ కడుతూ మేస్త్రీ అయినట్లే, మంచి పనులు చేస్తూ చేస్తూనే మనిషి మంచివాడవుతాడని ఆయన భావం. పని ఆపివేస్తే మంచి అలవాటు కూడా సన్నగిల్లుతుందని పునీత తోమాసు వారు దానికి జోడించారు.

4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలోని సన్యాసులు ఈ జబ్బుకు ఒక పేరు పెట్టారు. ఎవాగ్రియుసు అనే సన్యాసి దానిని మధ్యాహ్నపు పిశాచమని వర్ణించాడు. అది వచ్చినప్పుడు సూర్యుడు కదలనట్లు తోస్తుంది, చేస్తున్న పని రుచించదు, చూపు మాటిమాటికీ కిటికీ వైపు పోతుంది. ఎడారి పితరుల కథల్లో పునీత అంతోని వారికి కూడా ఆ నీరసం కలిగిందట. అప్పుడు ఆయనకు ఒక మనిషి కనిపించాడు. కూర్చుని తాడు పేనుతున్నాడు, లేచి ప్రార్థిస్తున్నాడు, మళ్లీ కూర్చుని పేనుతున్నాడు. ఇలా చేయి, రక్షణ పొందుతావు అన్నదే ఆయనకు అందిన సందేశం. ఉత్సాహం వచ్చే దాకా ఆగమని దేవదూత చెప్పలేదు. కూర్చో, లే, మళ్లీ కూర్చో. మన వ్యాయామానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముంది?

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. ఒక కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి సుమారు 66 రోజులు పట్టిందనీ, అది మనిషిని బట్టి 18 నుండి 254 రోజుల దాకా మారిందనీ వారు తేల్చారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా గమనించారు.

ఈ చివరి మాట గురించి ఆలోచించండి. చాలామంది ఒక రోజు తప్పినందుకు ఓడిపోరు, "తప్పింది కాబట్టి ఇక దండగ" అనుకున్నందుకు ఓడిపోతారు. నిరాశ వేషం వేసుకున్న గర్వం ఇది. తప్పులేకుండా చేయగలిగితేనే చేస్తాను అనేది వినయం కాదు. పాపసంకీర్తనపు పీటం దగ్గర మోకరించి లేచేవారికి ఈ పాఠం కొత్తది కాదు. పడినవాడు లేవడమే క్రైస్తవ జీవితం.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచినప్పుడు దేశమంతా పండుగ చేసుకున్నది. మనం చూసింది కొద్ది క్షణాలే. చిన్ననాటి నుండి ఎవరూ చప్పట్లు కొట్టని ఉదయాలెన్నో ఆ క్షణాల వెనుక ఉన్నాయి. పునీత పౌలు గారు కొరింతు వారికి పరుగు పందెపు పోలిక చెప్పింది కూడా అందుకే. ఆ పట్టణం దగ్గర రెండేళ్లకొకసారి జరిగే ఆటల్లో గెలిచిన వారికి దక్కింది వాడిపోయే ఆకుల కిరీటమే.

కాబట్టి, చిన్నగా మొదలుపెట్టండి. పది నిమిషాలు చాలు. ఉదయ ప్రార్థన తర్వాతనో, సాయంత్రం జపమాలకు ముందో ఒక స్థిరమైన వేళకు ముడివేయండి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు వైద్యుని అడిగి చేయండి. పురుషులకు ఒక మాట: మీ వ్యాయామం మీ ఇంటి ఇల్లాలి నడుము మీద బరువు కారాదు. మీరు వాకిట్లో చేతులు చాపే ఆ అరగంటలో పొయ్యి దగ్గర ఆమె ఒక్కతే ఉంటే, రేపు పొయ్యి మీ వంతు, వాకిలి ఆమె వంతు.

ఎంత చేసినా ఈ శరీరం ఒక రోజు ముసలిదవుతుంది. కొండల మీద స్కీయింగ్ చేసిన పునీత రెండవ జాన్ పాల్ పాపుగారి చేతులు చివరి ఏళ్లలో వణికాయి, కాళ్లు నడవలేకపోయాయి. కాని 2005లో కన్నుమూసేదాకా ఆయన తన పిలుపును విడవలేదు. కండ కరిగిపోతుంది. రోజూ లేచి చేసిన మనిషిలో కుదురుకున్న నమ్మకత్వం మాత్రం రోగశయ్య మీద కూడా వెంట ఉంటుంది. రేపు ఉదయం చాప పరచుకొని, సిలువ గుర్తు వేసుకొని, మొదలుపెట్టండి. ప్రభువు మీ ఆత్మను, మీ శరీరాన్ని దీవించుగాక.