కిటికీలో నిద్రించిన యౌవనస్థుడు



ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము, 7 నుండి 12 వచనములు.

త్రోయలో విశ్వాసులు మేడగదిలో కూడుకొన్నారు. మరునాడు పౌలు ప్రయాణము కావలసియున్నందున ప్రసంగము అర్ధరాత్రి వరకు సాగినది. కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్ర ఆపుకొనలేక మూడవ అంతస్తునుండి పడిపోయాడు. ఈ భాగము చెప్పి ఆరాధనలో కునికే పిల్లలను బెదిరించుట మనకు అలవాటు. కాని ఒక సంగతి గమనించండి. పౌలు అతనిని గద్దించినట్లు ఎక్కడా లేదు. ప్రసంగము ఆపి, మేడ దిగి, అతనిని కౌగిలించుకొన్నాడు.

ఐతుకు భక్తిలేనివాడా? భక్తి లేనివాడు అంత రాత్రివరకు అక్కడ ఎందుకుండును? అతని మనస్సు వాక్యము మీదనే యున్నది. అతని శరీరములోని గడియారము మాత్రము, ఇది నిద్రవేళ అని చెప్పినది.

గడియారము అనుట మాట వరుసకు కాదు. 1729లో ఫ్రాన్సు దేశస్థుడైన ద మెరాన్ అత్తిపత్తి వంటి ఒక మొక్కను చీకటిలో ఉంచి చూడగా, ఎండ తగలకపోయినను దాని ఆకులు పగలు విచ్చుకొని రాత్రి ముడుచుకొన్నవి. 1971లో అమెరికాలో కొనోప్కా, బెంజర్ అనువారు పండ్లపై వాలే చిన్న ఈగలలో ఈ గడియారమును నడిపే జీనును గుర్తించారు. దానికి ‘పీరియడ్’ అని పేరు. 1984లో ఆ జీనును వేరుచేసి, తరువాత దాని పనితీరును వివరించిన హాల్, రాస్బాష్, యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానము లభించినది.

అది పనిచేయు విధము సులభమే. తొట్టి నిండగానే కుళాయి కట్టివేస్తాము, నీరు తగ్గగానే మరల తిప్పుతాము గదా? ఆ జీను ఒక ప్రోటీనును తయారు చేయించును. అది కణములో తగినంత పోగుపడగానే తన జీనునే ఆపివేయును. క్రమముగా ఆ ప్రోటీను తరిగిపోగా జీను మరల పని మొదలుపెట్టును. ఈ చుట్టు తిరుగుటకు సుమారు 24 గంటలు పట్టును. మన మెదడులో సుమారు 20,000 కణములుగల ఒక చిన్న భాగము కంటికి తగిలే వెలుగునుబట్టి వేళ సరిచూచుకొని, శరీరమంతటనున్న గడియారములను ఒక్క తాళములో నడిపించును.

రోగములతో పోరాడే తెల్ల రక్తకణములలో కూడ ఈ గడియారమున్నది. అవి కావలివారివలె వేళనుబట్టి స్థలము మారుచుండును. 2016లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు, 65 ఏండ్లు దాటిన 276 మందికి ఫ్లూ టీకా వేసి చూచిన ఫలితము ప్రకటించారు. అందులోని మూడు రకముల వైరస్‌లలో రెండింటికి, ఉదయము టీకా పొందినవారిలో రక్షణ ఎక్కువగా కలిగినది. 2009లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు 153 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ వేసి చూచారు. ఏడు గంటలకు తక్కువ నిద్రించువారికి, ఎనిమిది గంటలు నిద్రించినవారికంటె జలుబు వచ్చు అవకాశము సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనబడినది. టీకా మాత్రము ఏ వేళ దొరికితే ఆ వేళ వేయించుకొనుడి. ఉదయము కొరకు మానుకొనవద్దు.

ప్రియులారా, మన పెద్దలలో అనేకులు రైల్వేలోను, మిల్లులలోను, గనులలోను రాత్రి షిఫ్టులు చేసి ఈ ఊళ్లలో మనలను నిలబెట్టారు. నేడు మన బిడ్డలు ఆసుపత్రులలో, కంపెనీలలో, కావలి పనులలో రాత్రులు మేల్కొనుచున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లోను, తిరిగి 2019లోను, రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు బహుశా కారణము కాగల వాటిలో చేర్చినది. ఆ కూలిలోనుండి వారు కానుక తెచ్చి పళ్లెములో వేయుచున్నారు. ఆ కానుక వెనుక వారి దేహము చెల్లించిన వెల కూడ ఉన్నది.

కాబట్టి మూడు సంగతులు జ్ఞాపకముంచుకొందము.

మొదటిది: రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఆరాధనలో కునికే సహోదరుని సోమరి అనవద్దు. అతడు వచ్చుటయే గొప్ప.

రెండవది: అట్టివారి ఇంట పగటి నిద్రను కాపాడండి. కిటికీ తెర వేయండి, టీవీ తగ్గించండి, దర్శించుటకు వెళ్లే పెద్దలు వేళ అడిగి వెళ్లండి.

మూడవది: రాత్రి పని లేనివారు ఒకే వేళకు పండుకొని ఒకే వేళకు లేవండి. పడకలో సెల్‌ఫోను వెలుగు వద్దు. ఉదయపు వెలుగులో కొంత నడవండి. నిద్రమాని ఉపవాస కూటములు నడుపు పెద్దలు, రోగులను, వృద్ధులను, మందులు వాడువారిని బలవంతపెట్టవద్దు.

త్రోయలో ఆ రాత్రి సంఘము ఐతుకును బ్రదికినవానిగా తీసికొనివచ్చి మిక్కిలి ఆదరణ పొందినది. మన సంఘములలో కూడ కిటికీ అంచున అలసి కూర్చున్నవారున్నారు. వారు పడకముందే చేయి అందించుదము. ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.