బాలరాముని ప్రశ్నలు – మన బిడ్డల ప్రశ్నలు



శ్రీమద్రామాయణమందలి బాలకాండమును మనము శ్రీరామనవమి దినములలోను, రామభజనము చేయు రాత్రులలోను వినుచున్నాము. శ్రీరాముని జననము, సీతారాముల కల్యాణము మనలో చిన్నపిల్లలకు కూడ తెలిసిన ఘట్టములు. ఆ రెంటికి నడుమ ఒక ప్రయాణము కలదు. దానిని మనము త్వరగా దాటిపోవుచుందుము. బిడ్డలను పెంచు తల్లిదండ్రులకు ఆ ప్రయాణమునందు ఒక గొప్ప పాఠము దాగియున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

విశ్వామిత్ర మహర్షి తన యాగమును రక్షించుటకై రాముని పంపుమని అడిగినప్పుడు దశరథ మహారాజు వణకిపోయెను. బిడ్డకు ఇంకను పదునారేండ్లు నిండలేదనెను. రాక్షసులతో పోరాడుట వానికి చేతకాదనెను. వసిష్ఠుడు నచ్చజెప్పిన పిదపనే పంపుటకు ఒప్పుకొనెను. రాజకుమారులు ఇద్దరును కాలినడకన మహర్షి వెంట నడచిరి. సరయూ తీరమున బల, అతిబల అను విద్యలను స్వీకరించిరి. రాత్రి గడ్డి పరచుకొని పండుకొనిరి. తెల్లవారగనే మహర్షి రాముని ప్రేమతో మేలుకొలిపెను. మన దేవాలయములలో ప్రతి ఉదయము వినబడు శ్రీ వేంకటేశ్వర సుప్రభాతములోని మొదటి శ్లోకము ఆ మేలుకొలుపే. ఇంట నిద్రించు బిడ్డను కాదు, ప్రయాణములో నున్న బిడ్డను లేపిన మాట అది.

పడవలో గంగను దాటుచుండగా నీటి నడుమ పెద్ద ధ్వని వినవచ్చెను. రాముడు అది ఏమని అడిగెను. బ్రహ్మ తన మనస్సుచే సృష్టించిన మానస సరస్సునుండి వెలువడిన సరయువు గంగలో కలియు ధ్వని అది అని మహర్షి చెప్పెను. చెప్పి ఊరకుండలేదు. ఆ సంగమమునకు నమస్కరింపుమనెను. పిదప ఘోరమైన అడవి కనబడెను. అది ఎవరిదని రాముడు అడిగెను. ఒకప్పుడు అచట మలద, కరూశములను సంపన్న దేశములుండెననియు, తాటక వలన పాడుబడినవనియు మహర్షి చెప్పెను. మిథిల చెంత పాడుబడిన ఆశ్రమమును చూచి మరల అడిగెను. అది గౌతముని ఆశ్రమమని అహల్య కథ చెప్పెను. అడిగిన ప్రతి ప్రశ్నకు సమాధానము దొరకెను.

ఇందు మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, మహర్షి విసుగుకొనలేదు. రెండవది, ఆయనకు సమాధానము తెలియును. మూడవది, సమాధానము నమస్కారముతో ముగిసెను. ఈ మూడును గల తల్లిదండ్రులున్న ఇంట ధర్మము నిలుచును.

నేను ఉపాధ్యాయుడను. ముప్పది సంవత్సరములుగా పిల్లల ప్రశ్నల నడుమ కాలము గడపితిని. పిల్లలు ప్రశ్నలు అడుగు వయస్సు కొద్దికాలమే యుండును. సమాధానము దొరకనిచో వారు కోపగింపరు, ఏడువరు, అడుగుట మానివేయుదురు. అట్లు మానిన బాలుడు తండ్రియైన నాడు తన బిడ్డకు చెప్పుటకు అతని యొద్ద ఏమియు నుండదు. ఏ కలహము లేకయే, ఏ నిషేధము లేకయే, ఒక తరములో త్రాడు తెగిపోవును. మన మారిషస్ ద్వీపమున మనకున్న అపాయము ఇదియే.

ఇక మన కుటుంబములలో బిడ్డలు మిక్కిలి సంతోషించు సందర్భములు మూడు కలవు: పుట్టినరోజు, విహారము, విదేశయాత్ర. ఈ మూడింటియందును వారు ప్రశ్నలు అడుగుదురు. మనము ఏమి చెప్పుచున్నాము?

పుట్టినరోజును తీసికొందము. ఇల్లంతయు బెలూనులు కట్టి, కేకు తెచ్చి, బంధుమిత్రులను పిలిచి వేడుక చేయుచున్నాము. అందు దోషమేమియు లేదు. బిడ్డ పుట్టినందుకు సంతోషింపని ఇల్లు ఇల్లు కాదు. దశరథుడు కూడ కుమారుల జననమునకు అయోధ్యనంతయు సంతోషపెట్టెను. అయితే మన పెద్దల సంప్రదాయములో ఆనాడు బిడ్డకు తలంటుస్నానము చేయించి, క్రొత్త బట్టలు కట్టించి, మార్కండేయుని, చిరంజీవులను స్మరించి, నువ్వులు బెల్లము కలిపిన పాలు త్రాగించి, పెద్దలచేత అక్షతలు వేయించుట కలదు. దీపము వెలిగించుట అందు మొదటి పని. కేకు మీది క్రొవ్వొత్తిని బిడ్డ ఊదుటకు ముందు దేవుని గదిలో తన చేతితో ఒక దీపమును వెలిగించినచో రెండును ఒకే ఇంట ఇముడును.

అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఏ బిడ్డయైనను ఒకనాడు అడుగును: "తాతగారి తాతగారి పుట్టినరోజు ఎప్పుడు?" అని. మనలో అనేకులకు సమాధానము లేదు. ఓడ దిగిన నాడు వారికే తెలియదు. గుమాస్తా ముఖము చూచి ఇరువది అనియో, ఇరువదియైదు అనియో వయస్సు వ్రాసికొనెను. కాని ఓడ పేరు, దిగిన తేది, తండ్రి పేరు, జిల్లా, గ్రామము, వలస సంఖ్య వ్రాయబడినవి. 1860 దశకము నుండి ఛాయాచిత్రములు కూడ తీయబడినవి. ఆ పుస్తకములు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరుపబడియున్నవి. వంశస్థులు అచటికి పోయి తమ పూర్వుల వివరములు పొందవచ్చును. పుట్టిన దినము తెలియని ఆ తాతగారికి ఓడ దిగిన తేదియే ఈ నేలమీది పుట్టినరోజు. ఆ తేదిని ఇంటి గోడమీద వ్రాసి పెట్టుకొనుడు. బిడ్డ పుట్టినరోజుతో పాటు ఆ దినమున కూడ ఒక దీపము వెలిగింపుడు.

మన ఇంటిపేర్ల సంగతియు ఇట్టిదే. ఆంధ్రదేశములో ఇంటిపేరు వేరు, వ్యక్తి పేరు వేరు. మనలో అనేకులకు మొదట వచ్చిన తాతగారి సొంత పేరే ఇంటిపేరైనది. అప్పడు, రామన్న, నరసయ్య, అప్పన్న – గుమాస్తా చెవికి ఎట్లు వినబడెనో అట్లు వ్రాసెను. కనుక తరగతిలో నేను హాజరు పిలుచునప్పుడు ఒక్కొక్క బిడ్డతో పాటు ఒక్కొక్క తాతగారిని కూడ పిలుచుచున్నాను. ఈ సంగతి తెలిసిన బిడ్డ తన పేరునకు సిగ్గుపడడు, దానికి మచ్చ తేడు.

రెండవది విహారము. ఆదివారములందు బస్సు మాట్లాడుకొని, బిర్యాని గిన్నెలు, చాపలు, డోలు సర్దుకొని, అవ్వలు మొదలు చంటిబిడ్డల వరకు బెల్ మార్‌కో, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కో పోయి సరుగుడు చెట్ల నీడను గడుపుచున్నాము. నాలుగు తరములు ఒకే చాపమీద కూర్చుండి భుజించు భాగ్యము ఎందరికి కలదు? ఇది మన సంఘమునకు దైవమిచ్చిన వరము.

ఆ బస్సు చెరకు తోటల నడుమ పోవునప్పుడు కిటికీ చెంత కూర్చున్న బిడ్డ నల్లని రాళ్ళ గుట్టలను చూచి "అవి ఏమి?" అని అడుగును. బాలరాముడు గంగమీద అడిగినది ఇట్టి ప్రశ్నయే. "రాళ్ళు, మరేమున్నది" అని చెప్పి చేతి ఫోనులోనికి చూచు తండ్రి ఆనాటి ప్రయాణమును పోగొట్టుకొనెను. చెప్పవలసిన సమాధానము ఇది: "నాయనా, ఈ ద్వీపము అగ్నిపర్వతము నుండి పుట్టినది. నేలనిండ నల్లరాళ్ళే. చెరకు నాటుటకు ఆ రాళ్ళను చేతులతో ఏరి పోసినవారు కలరు. మొదట ఆఫ్రికా, మడగాస్కరులనుండి తెచ్చిన బానిసలు, పిదప మనవారు. నీవు త్రాగు టీలోని పంచదార ఆ చేతులగుండ వచ్చినది. నమస్కరింపుము."

ల మోర్న్ కొండ చెంతకు పోయినప్పుడు తప్పించుకొని వచ్చిన బానిసలు ఆ కొండ గుహలలో తలదాచుకొనిరని చెప్పుడు. మన కథలో వారి కథ కలదు. 1835 ఫిబ్రవరి 1వ తేదిన ఇచట బానిసత్వము రద్దయినది. ఆ తోటలలో పనికై భారతదేశమునుండి మనుష్యులను ఒప్పందముమీద తెచ్చుట అంతకు కొలది నెలల ముందే, 1834లో, మొదలైనది. పోర్ట్ లూయీలో 1849 నుండి వలసవచ్చినవారు దిగిన ఆప్రవాసీ ఘాట్ మెట్లమీద బిడ్డలను ఒకసారి నడిపింపుడు. 1834 నుండి 1920 వరకు ఈ ద్వీపమునకు అట్లు వచ్చినవారు సుమారు అయిదు లక్షలమంది. ఆ స్థలమును 2006లోను, ల మోర్న్‌ను 2008లోను యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. లోకము గుర్తించిన మెట్లను మన బిడ్డలు గుర్తింపకుండుట తగునా?

మూడవది విదేశయాత్ర. నేడు మన కుటుంబములు విమానమెక్కి భారతదేశమునకు పోవుచున్నవి. తిరుపతి, హైదరాబాదు, అంగళ్ళలో చీరలు, నగలు – వీనితో సెలవులు ముగియుచున్నవి. కోరింగకు ఎందరు పోవుచున్నారు? మన పూర్వులలో అనేకులు సముద్రము చూచినది ఆ కోరింగ, మద్రాసు రేవులలోనే. 1839 నవంబరులో వచ్చిన ఘోరమైన తుఫాను కోరింగ రేవును నాశనము చేసినది. నేడు కాకినాడ చెంత అచట మడ అడవి, పక్షులు మాత్రము కలవు. ఓడలు లేవు. ఇంత నిశ్శబ్దమైన చోటికి ఎందుకు తెచ్చితిరని బిడ్డ అడిగినచో, తాటకవనమును చూపి విశ్వామిత్రుడు చెప్పినట్లు, ఇచట ఒకప్పుడు ఏమి యుండెనో చెప్పుడు.

విశాఖపట్టణము చెంత సింహాచలము కలదు. మన ఇండ్లలో తరతరములుగా చేయు సింహాద్రి అప్పన్న పూజ ఆ స్వామిదే. ఆయన సంవత్సరమంతయు చందనముతో కప్పబడి, అక్షయతృతీయ నాడు మాత్రము నిజరూప దర్శనమిచ్చును. నేనెరిగిన ఒక కుటుంబము పిల్లలతో అచటికి పోయినది. అర్చకుడు గోత్రమేమని అడిగెను. తండ్రి తెల్లబోయెను, తరతరములుగా ఎవరును చెప్పలేదు. అర్చకుడు చిరునవ్వుతో "తెలియనివారికి కాశ్యప గోత్రము" అని సంకల్పము చెప్పెను. బయటికి వచ్చిన పిదప పదేండ్ల కూతురు "కశ్యపుడు ఎవరు నాన్నా?" అని అడిగెను. ఆ తండ్రి ఎరుగడు. కాని ఊరకుండలేదు. బసకు వచ్చి, పెద్దలకు ఫోను చేసి, తెలిసికొని చెప్పెను: దేవతలకు, దైత్యులకు, పక్షులకు, నాగులకు తండ్రి యైన ప్రజాపతి ఆయన, గోత్రము మరచినవారిని కూడ తన బిడ్డలుగా స్వీకరించును. ఆ బాలిక నేడు గుడిలోని తెలుగు తరగతికి తప్పక వచ్చుచున్నది. సమాధానము తెలియకపోవుట పాపము కాదు, వెదకకుండుట నష్టము.

ఇంకొక విదేశయాత్ర కలదు. అది తల్లిదండ్రుల గుండెలను పిండునది. పెరిగిన బిడ్డలు చదువులకై, ఉద్యోగములకై ఫ్రాన్సు, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాలకు పోవుచున్నారు. ప్లేజాన్స్ విమానాశ్రయమున కన్నీరు పెట్టని తల్లి లేదు. దశరథుని భయమును మనమందరము ఎరుగుదుము. అయినను బిడ్డను ఆపుట ధర్మము కాదు. సముద్రము దాటినవారి సంతానమైన మనము సముద్రము దాటవద్దని ఎట్లు చెప్పగలము? రాముడు అడవికి పోవునప్పుడు కౌసల్య కడుపుకోతను దిగమ్రింగి, మంగళము పలికి, ఓషధిని రక్షగా కట్టి పంపెను. మనము కట్టగల రక్ష, మనము చెప్పిన సమాధానములే. సంచిలోని ఊరగాయ నెలకు తరుగును. చెప్పిన కథ తరుగదు.

కొందరు తల్లులు నాతో "మాకు తెలుగు సరిగా రాదు, ఎట్లు చెప్పగలము?" అని అందురు. నేనును తెలుగును తల్లి ఒడిలో కాక గుడిలోని సాయంకాలపు తరగతిలో, ఒక్కొక్క అక్షరము దిద్దుకొని నేర్చినవాడనే. కనుక నా విన్నపము ఇది: క్రియోలులో చెప్పవలసివచ్చినచో క్రియోలులోనే చెప్పుడు. మౌనముకంటె అది వేయిరెట్లు మేలు. అయితే పేర్లను తెలుగులో పలుకుడు. అవ్వ, తాత, దీపము, అక్షతలు, అప్పన్న, ఉగాది – ఈ మాటలను మార్చకుడు. విత్తనమును ఏ సంచిలో మోసినను మొలచును. విత్తనము మాత్రము మారరాదు.

కనుక ఈ సంవత్సరము ప్రతి ఇంట మూడు చిన్న పనులు చేయుదము. బిడ్డ పుట్టినరోజున ఒక పూర్వుని పేరు చెప్పి దీపము వెలిగింపుదము. ప్రతి విహారమున ఒక స్థలము యొక్క కథ చెప్పి నమస్కరింపజేయుదము. విదేశమునకు పోవు ప్రతి బిడ్డ చేతిలో మన కుటుంబము దిగిన ఓడ పేరు, తేది, గ్రామము పేరు తెలుగు అక్షరములతో వ్రాసి పెట్టుదము. ఇందుకు ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. ఓర్పు ఒక్కటి చాలును.

ఇంట నున్న అవ్వలను, తాతలను ఈ వారమే అడుగుడు. వారికి తెలిసినది వారితోనే పోకముందు వ్రాసికొనుడు.

ప్రశ్నించిన బాలరాముడును, విసుగక పలికిన విశ్వామిత్ర మహర్షియు మన ఇండ్లలో నెలకొనియుందురు గాక. సింహాద్రి అప్పన్న మన బిడ్డలను ఏ దేశమందున్నను కాపాడుగాక.

శుభమస్తు.