సున్నా చూశారా?

"జీరో చూసుకోండమ్మా!" అంటాడు బంకు కుర్రాడు. చూస్తాను. కొలత సరే, సరుకు మాటేమిటి? 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే. గంధకం పరిమితి పదిలక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. కంటికి కనిపిస్తుందా ఏమిటి? బోర్డునే నమ్మాలి.

కిరోసిన్ కలిపితే మాత్రం డీజిల్ సాంద్రత తగ్గుతుంది. కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది. మొన్న అడిగాను.

"పాపం, అనుమానించినట్టుండదూ?" అని మావారు నొచ్చుకున్నారు. నాకూ మొహమాటమేసింది. కుర్రాడు నవ్వుతూనే కొలిచాడు. బోర్డు మీది అంకెతో సరిపోయింది. అతని మొహం వెలిగిపోయింది!

మనం అడక్కపోతే నిజాయితీపరుడికీ మోసగాడికీ తేడా ఎలా తెలుస్తుంది? మన మొహమాటం ఎవరికి మేలు చేస్తోంది?

ఇంటికొచ్చి నా నవల అట్టకేసి చూసుకున్నాను. పేరైతే నాదే. లోపలి సాంద్రత? మొహమాటపడకుండా మీరే కొలవండి!